ఒడిబియ్యం పోసిన గిటారు

కొత్తగా ఖాకీ వేసుకున్న ఆడపిల్లలు నన్ను చూడటానికి వస్తే అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని. వాళ్లకు కావలసింది హత్య. కొడవలి, పత్తి చేలో శవం, వాసన పట్టే కుక్క. నేను "గిటారు కేసు" అనగానే మొహాలు వాడిపోతాయి. పాపం ఒకమ్మాయి మర్యాద కోసం "గిటారుతో కొట్టి చంపారా మేడం?" అని కూడా అడిగింది. లేదు తల్లీ, ఎవరూ చావలేదు. అయినా నాకు నిద్రలో గుర్తొచ్చేది ఆ కేసే. వినే ఓపిక ఉంటే కూర్చోండి, లేకపోతే టీ తాగి వెళ్లండి. నేనేమీ అనుకోను.

నాది హొళగుంద. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ. కౌతాళంలో కాలువ నీళ్ల దగ్గర కొట్టుకునేవాళ్లను విడదీశాను. ఉగాది తర్వాత కైరుప్పలలో పిడకలతో కొట్టుకునే పండుగకు బందోబస్తు వెళ్లి, ఎవరి పక్షమూ కాకపోయినా నెత్తిన పిడక దెబ్బ తిన్నాను. చివరికి ఆదోనిలో హెడ్ కానిస్టేబుల్‌గా కుదురుకున్నాను. దొంగతనాల కేసులు చూసేవాళ్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఏ ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువున్నారని తెలిసినా "మేడంను పిలవండి" అనేవాళ్లు. మా మగ పోలీసులు కత్తి పట్టినవాడికి ఎదురుపోతారు గానీ, నలుగురు ఆడవాళ్లు నోరు తెరిస్తే మాత్రం జీపు దిగరు.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసి, ఆ బరువు కొడుకుల మీద పెట్టేసిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఊరంతా సావుకారి అనేది. ఆయనకు పాత వాయిద్యాల పిచ్చి. ఇంట్లో ఒక గది నిండా అద్దాల బీరువాలు, వాటిలో వీణలు, సారంగులు, ఫిడేళ్లు. ఆయనకు వాటిలో ఒక్కటీ వాయించడం రాదు. వచ్చినవాళ్లను తాకనిచ్చేవాడు కాదు. "వాయిస్తే అరిగిపోతాయమ్మా" అని నాతోనే అన్నాడు ఒకసారి.

ఆ గదికి రాజు ఒక గిటారు. పాతది, విదేశంలో చేసింది, తేనె రంగుది. దాని పొట్ట మీద ఎవరో పెద్ద విదేశీ గాయకుడు చేసిన సంతకం ఉంది. ఆ సంతకం వల్లే దాని విలువ. సావుకారి ఆ గాయకుడి పేరు చెప్పినప్పుడు అప్పట్లో మా ఎస్సైగా ఉన్నాయన "ఓహో!" అని తల ఊపాడు. బయటికి వచ్చాక "ఎవరమ్మా ఆయన?" అని నన్ను అడిగాడు. నన్నడిగితే నేనేం చెప్పను? నాకు తెలిసిన పాటలన్నీ నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడినవే.

మనవరాలి పెళ్లి హడావిడిలో ఆ గిటారు మాయమైంది. ఇల్లంతా బంధువులు, వంటవాళ్లు, పందిరి వేసేవాళ్లు. ఎవరిని అడగాలి, ఎవరిని వదలాలి? కొన్నేళ్ల తర్వాత మోటార్లు ఎత్తుకుపోయే ఒకడు వేరే కేసులో దొరికి, అడగకుండానే ఇది కూడా ఒప్పుకున్నాడు. "ఎమ్మిగనూరు జాతరలో పాత సామాను అమ్మేటోనికి ఇచ్చేసినా మేడం. అది ఆట వస్తువు అనుకొంటి" అన్నాడు. ఆ అమ్మేవాడు ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. సావుకారికి ఆ మాట చెబితే, ఇంట్లో మనిషి పోయినట్టు కండువా కళ్లకు అద్దుకున్నాడు. గిటారు ఇక దొరకదన్న సంగతి కంటే "ఆట వస్తువు" అన్నమాటే ఆయన్ను ఎక్కువ పొడిచింది.

అట్లా ఆ కేసు మూలన పడి ఉండగా, ఒక పొద్దున సావుకారి ఫోను పట్టుకుని ఉరుకుతూ వచ్చాడు. ఎవరో పంపిన వీడియో. ఎమ్మిగనూరులో నేతపనివాళ్ల వీధి, ఆడవాళ్ల భజన. మధ్యలో ఒక పెద్దావిడ చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో గిటారును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టుకుంది. ఎడమచేతిలో ఒక ఇనుప పుల్ల పెట్టి తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటుతోంది. నేను సినిమాల్లో చూసిన గిటారు శబ్దం కాదది. మనిషి గొంతు సాగదీసి పాడినట్టుంది. ఇంతకీ ఆ గిటారు రంగు ఆకుపచ్చ. చిలకాకుపచ్చ.

"ఇది నాదే" అన్నాడు సావుకారి.

"మీది తేనె రంగు కదా సార్?"

"రంగు ఇడ్సిపెట్టమ్మా. దాని తల సూడు. ఆ మూల సెక్క లేసిపోయింది గదా, నా సేతిలోంచే జారి అట్లయింది. నా బిడ్డను నేను గుర్తు పట్టల్యానా?"

మరునాడు జీపులో ఎమ్మిగనూరు బయల్దేరాం. నేను, ఎస్సై, డ్రైవరు. ఈసారి ఎస్సై వేరే, గోదావరి వైపు పిల్లాడు. కొత్త ఉద్యోగం, కొత్త మీసం. ఈ వైపు మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. తక్కిన సగానికి నేను.

వీధి మొదలు నుంచీ మగ్గాల చప్పుడు. ఆ ఇంట్లో గుంతమగ్గం మీద ఒక ముసలాయన, కాళ్లు గుంతలో పెట్టి, వచ్చింది పోలీసులని చూసి కూడా పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఆడించడం ఆపకుండా నేస్తూనే ఉన్నాడు. వీడియోలో ఉన్న పెద్దావిడ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. గిటారు గోడకు చిలక్కొయ్యకు వేలాడుతోంది. దాని నుదుట పసుపు, కుంకుమ.

"పెద్దమ్మా, ఆ గిటారు యాడిది?" అని అడిగాను.

"జాతరలో మా ఇంటాయన కొనక్కొచ్చినాడు తల్లీ. ఎందుకు, నీకు గూడా కావాల్నా?"

ఎస్సై నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే నవ్వొచ్చేది.

మేము అడగకుండానే ఆమె కథంతా చెప్పింది. రాట్నానికి కదురు, అదే నూలు చుట్టే ఇనుప పుల్ల, తెమ్మని మొగుణ్ని జాతరకు పంపితే, కదురుతోపాటు దీన్నీ తెచ్చాడట. "దీన్నేం సేసుకోవాల, ఉప్మా వండాల్నా?" అని మూడు వీధులకు వినపడేటట్టు తిట్టిందట. మొదట సంకన వేసుకుని చూసింది, జారిపోయింది. ఒళ్లో పెట్టుకుంది. ఒక మధ్యాహ్నం కండెలు చుడుతుంటే పాత కదురు జారి తీగల మీద పడి దొర్లింది.

"అది ఏడ్సింది తల్లీ" అంది. "అచ్చం మనిసి ఏడ్సినట్ల. నాకు సేతులాడల్యా. ఇంగోసారి దొర్లించినా. ఇంగోసారి. ఆ పొద్దు కండెలు సుట్టల్యా, సంగటి చెయ్యల్యా."

"తిండి గూడా పెట్టల్యా" అన్నాడు మగ్గం గుంతలోంచి ముసలాయన. అదే ఆయన మాట్లాడిన మొదటి మాట.

అప్పటికి మూడు తీగలే ఉన్నాయట. తక్కినవాటికి ముసలాయన సైకిలు బ్రేకు వైరు విప్పి, అందులోని పోగులు లాగి కట్టాడు. భజనల్లో ఆమె కదురుతో రుద్దితే చాలు, ఏ పాటైనా పలికేది. ఎవరూ నేర్పలేదు. ఆ వీధి ఆడవాళ్లు హార్మోనియం మానేసి దీని చుట్టూ చేరారు.

"మరి ఈ రంగేమిటండీ?" అన్నాడు ఎస్సై.

"దసరాకు మగ్గానికి పూజ సేస్తాము గదప్పా. మగ్గము, రాట్నము అన్నీ కడిగి బొట్లు పెడ్తాము. ఇదొక్కటే మాసిపోయి ఎట్లనో ఉండె. వాకిలి తలుపుకేసిన రంగు మిగిలింటే పూసినా. బాగుంది గదా?"

"దీని మీద ఒక సంతకం ఉండాలండీ" అన్నాడు ఎస్సై, గొంతు తగ్గించి.

"సంతకమా! ఎవురో పిల్లోడు గీకినాడనుకొంటినే. శానా అసింకంగా ఉండె. అందుకే ఆడ రెండు పూతలు ఎక్కువేసినా."

మా ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నాడు. నేను చీర కొంగు ఉంటే నోట్లో కుక్కుకునేదాన్ని. యూనిఫాంలో ఆ వీలు లేదు.

చెప్పక తప్పదు కాబట్టి అప్పుడు చెప్పాను. అది దొంగ ఎత్తుకుపోయిన వస్తువు, అసలు మనిషి ఆదోనిలో ఉన్నాడు, మేము తీసుకుపోవాలి అని. అంతలోకే వాకిట్లో వీధి ఆడవాళ్లంతా చేరారు. ఇంక చూడండి.

"దుడ్డిచ్చి కొన్నారు గదక్కా, అది ఈళ్లది కాకుండా ఎట్ల పోతాది?" అని ఒకామె.

"దొంగకు తనది కాని వస్తువు అమ్మే హక్కు లేదమ్మా. వాడి నుంచి కొన్నవాళ్లకూ రాదు" అని నేను.

"ఆ సావుకారి వాయిస్తాడా?"

"లేదు. అద్దాల బీరువాలో పెడతాడు."

"యావమ్మా! పలికేదాన్ని తీస్కపోయి మూగదాన్ని సేసేటోనిదా? ఇదేం న్యాయం?"

చట్టం వస్తువు ఎవరిదని అడుగుతుంది గానీ, ఎవరి దగ్గర బాగుందని అడగదు. ఇద్దరు తల్లులు ఒక బిడ్డ కోసం వస్తే ఎవరు బాగా సాకుతారని చూస్తారు. గిటారుకు ఆ భాగ్యం లేదు. ఎస్సై రూల్సు చెప్పబోయాడు. ఒకామె "నువ్వు ఉండప్పా సిన్నోడివి" అంది. ఆయన ఉన్నాడు.

ఆ గోలలో పెద్దావిడ రాట్నం ఆపేసిందని నేను ఆలస్యంగా గమనించాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పోలీసమ్మా, ఒగ మాట అడుగుతా" అంది. "ఇన్నేండ్లు దొంగసొత్తు ఒళ్లో పెట్టుకొని పాడితినే, ఆ పాటలు దేవునికి సేరినాయా?"

ట్రైనింగులో మాకు చాలా నేర్పారు. లాఠీ పట్టడం, వేలిముద్ర తీయడం, చచ్చినవాడి జేబు వెతకడం. ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు.

"నీకు తెలీదు కదా పెద్దమ్మా" అన్నాను.

"తెల్సుకోల్యా నేను. అంగడోన్ని 'ఇది యాడిదప్పా' అని ఒగ్గ మాట అడిగిన్నా సాలు. అడగల్యా." లేచి నిలబడింది. "తీస్కపోండి. ఒగ్గ గడియ గూడా నా ఇంట్ల వద్దు."

ముసలాయన మగ్గం గుంతలోంచి పైకి వచ్చాడు. భార్య మొహం చూసి గిటారును చిలక్కొయ్య నుంచి దించి తుడిచాడు. అప్పుడు ఎవరో ఒకామె అంది, "ఉత్త సేతుల్తో పంపుతారా ఏందక్కా? ఆడబిడ్డ గదా."

మీలో చాలామందికి తెలుసు, ఒడిబియ్యం అంటే ఏమిటో. పుట్టింటి నుంచి ఆడపిల్లను పంపేటప్పుడు, ఆమె చీర కొంగులో బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు, ఎండుకొబ్బరి పోసి, రవికె గుడ్డ పెట్టి పంపుతారు. నేను హొళగుంద నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు మా అమ్మ నాకూ పోసింది. అందుకే కాబోలు, వాళ్లు చాటలో బియ్యం తెస్తుంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఎస్సై వీధి చివర ఫోనులో మాట్లాడుతున్నాడు.

"దీనికి ఒడి యాడుంది?" అని ఒకామెకు సందేహం.

"పొట్టలో బొక్క ఉంది గదే."

అంతే. ఒకరి తర్వాత ఒకరు కన్నీళ్లు తుడుచుకుంటూ దోసిళ్లతో తీగల సందులోంచి బియ్యం పోశారు. పసుపు కొమ్ములు వేశారు. వక్కలు వేశారు. కొబ్బరి చిప్ప పట్టలేదు. దాన్ని ముక్కలు కొట్టుకొస్తానని ఒకామె రోకలి కోసం పోతుంటే అప్పటికి తెలివొచ్చి ఆపాను. మెడకు ఎర్ర రవికె గుడ్డ కట్టి నా చేతిలో పెట్టారు. పెద్దావిడ మాత్రం దూరంగానే నిలబడింది. దాన్ని తాకలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఏ గుంత వచ్చినా వెనక సీటులో గలగల. ఎస్సై మూడు గుంతలు ఓర్చుకున్నాడు. నాలుగో గుంతకు వెనక్కి తిరిగాడు. "దాంట్లో ఏముందమ్మా?"

"బియ్యం సార్."

"బియ్యమా? ఎందుకు?"

చెప్పాను. డ్రైవరు నవ్వాపుకోలేక జీపును పక్కకు ఆపేశాడు. స్టేషనుకు వచ్చాక పంచనామాలో ఇదంతా రాయాలా అని ఎస్సై నన్ను బతిమాలాడు. "ఉన్నది రాయకపోతే, రేపు కోర్టులో అది గలగలమన్నప్పుడు మీరు జవాబు చెప్తారా సార్?" అన్నాను. రాశాడు. ఆకుపచ్చ రంగు గిటారు, లోపల బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు, మెడకు రవికె గుడ్డ. ఆయన చేతిరాత ఎంత బాగుంటుందో ఆ రోజే గమనించాను.

సావుకారి వచ్చాడు. రెండు చేతులూ చాచి దాన్ని ఎత్తుకున్నాడు. రంగు చూశాడు. సంతకం ఉండాల్సిన చోట తడిమాడు. పైకెత్తాడు. గల్లుమంది. అదేమిటో తెలిశాక కుర్చీలో కూలబడ్డాడు. డ్రైవరు నీళ్లు తెచ్చాడు. నీళ్లు తాగాక ఆయనకు కోపం పుట్టింది.

"ఆ ముసల్దాని మీంద కేసు పెట్టండి! దొంగసొత్తు దాసిపెట్టింది, పాడు సేసింది!"

ఎస్సై ఊగిసలాడాడు. పెద్ద మనిషి, పెద్ద విలువ. నాకు ఒళ్లు మండింది. "సార్, దొంగసొత్తని తెలిసి ఉంచుకుంటేనే నేరం" అన్నాను. "తెలిసినదైతే వీధి నడుమ కూర్చుని వాయిస్తుందా? వీడియో తీస్తుంటే నవ్వుతుందా? దాచేవాళ్లు ఎవరైనా చిలకాకుపచ్చ పూస్తారా?" ఎస్సై ఆలోచించి, "మేడం చెప్పింది నిజమేనండీ. ఆమె సాక్షి, అంతే" అన్నాడు. కొత్త మీసమే అయినా మంచి పిల్లాడు.

కోర్టులో వస్తువు చూపించినప్పుడు అక్కడా గల్లుమంది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి, పంచనామా చదివి, మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు. సావుకారికి గిటారు ఇచ్చారు గానీ షరతు పెట్టారు. కేసు తేలేవరకు దాని రూపం మార్చకూడదు, పిలిచినప్పుడల్లా తేవాలి. రంగు తీయించుకుంటానని సావుకారి వకీలు అడిగితే కుదరదన్నారు. "కనీసం బియ్యమైనా..." అన్నాడు సావుకారి. అదీ పంచనామాలో ఉంది కాబట్టి ఉండనివ్వమన్నారు. అట్లా ఆదోనిలో అద్దాల బీరువాలో, వీణల మధ్య, ఒడిబియ్యం పోసుకున్న ఆకుపచ్చ గిటారు కాపురానికి వెళ్లింది. పురుగు పడుతుందని సావుకారి భార్య పొట్టలో వేపాకు వేసిందట. అది పంచనామాలో లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

విచారణ రోజు పెద్దావిడ సాక్ష్యానికి వచ్చింది. ఆమెతో వీధి వీధంతా ఆటోల్లో వచ్చింది. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సావుకారి గిటారు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు చుట్టుముట్టారు. "ఏం సావుకారి, బిడ్డను బాగ సూసుకుంటాండావా? పండక్కన్నా పంపవా?" అని ఒకామె. "సిక్కిపోయిందే" అని ఇంకొకామె. ఆయన మొదట చిరాకుపడ్డాడు. తర్వాత, "నేనేం తిండి పెట్టకుండా ఉండాన్నా? నీ బియ్యమే ఉన్నాయి గదమ్మా పొట్టలో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. చిక్కింది ఆమే. ఆ రోజు నుంచి భజనకు పోవడం లేదని, ఎవరు పిలిచినా "నా నోరు మైల పడింది" అంటోందని ముసలాయన నాతో మెల్లగా చెప్పాడు. ఆమెకు ఏ శిక్షా పడకుండా చూశానని నేను లోలోపల మురిసిపోతున్నాను. ఆమె తనకు తానే వేసుకుంది.

సాక్ష్యం అయిపోయాక సావుకారే ఆమె దగ్గరికి వచ్చాడు. పెట్టె తెరిచాడు.

"పెద్దమ్మా, మొన్న అద్దం తీసి తీగ మీంద యేలు పెడితి. నాకు పలకల్యా. ఇన్నేండ్లు నా దగ్గరుండి ఇది ఎట్ల పలుకుతాదో నాకు తెలీదు. ఆ వీడియోలో విన్నిందే. ఒగ్గసారి వాయించు. నాదే గదా, నేనే సెప్తాండా."

ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. వాయిస్తుందనుకున్నాం అందరం. ఆమె అడిగింది:

"నువ్వు ఎవుర్దగ్గర తెస్తివప్పా?"

"బెంగళూర్ల. పాత వస్తువులు అమ్మే అంగట్ల."

"ఆ అంగడాయనకు ఎవురిచ్చిరి?"

"అది నాకేం తెల్సు?"

"నేనూ అట్లే కొంటినప్పా" అంది. కోపం లేదు, ఎగతాళి లేదు. "అంగట్ల ఉండె, కొంటి. ఒగసారి కాలింది. అడక్కుండా ఇంగ ముట్టను."

సావుకారి మొహం ఎర్రబడింది. పెట్టె మూసి కారెక్కాడు. నేను ఎందరినో ప్రశ్నలు వేసి నోరు మూయించాను గానీ, అంత చిన్న ప్రశ్నతో అంత పెద్ద మనిషి నోరు మూతపడటం నా సర్వీసులో ఇంకెప్పుడూ చూడలేదు. ఎస్సై నా పక్కన నిలబడి, "మనం దొంగ దగ్గరే ఆగిపోతామండీ, కదా" అన్నాడు. ఔను. మన ఉద్యోగం అంతవరకే. వస్తువు యజమాని చేతికి వచ్చాక, ఆ యజమాని చేతికి అది ఎట్లా వచ్చిందని అడగడం ఎవరి పనీ కాదు.

కేసు తేలింది. దొంగకు శిక్ష పడింది. షరతులు పోయాయి. ఇంక సావుకారి రంగు గీకించుకోవచ్చు, సంతకాన్ని బయటికి తీసుకోవచ్చు. ఆయన ఆదోనిలో లేడని, బెంగళూరు పోయాడని, అక్కడి నుంచి సికింద్రాబాదు పోయాడని విన్నాను. రంగు గీకేవాళ్ల కోసమే అనుకున్నాను.

నేను రిటైరయ్యే నెలలో ఆయన స్టేషనుకు వచ్చాడు. "ఎమ్మిగనూరు పోతాండా. రామ్మా నువ్వు గూడా. ఒంటిగ పోనీకి భయంగ ఉంది" అన్నాడు. కారులో వెనక సీటు మీద పెట్టె. తెరిచి చూపించాడు. అదే చిలకాకుపచ్చ.

"రంగు తీయించలేదేం సార్?"

"తీస్తే కింద దొంగ సంతకం బయటపడ్తాది గదమ్మా" అన్నాడు.

నేను నోరు వెళ్లబెట్టాను. ఆయన దారిపొడుగునా చెప్పాడు. బెంగళూరు అంగడివాడు మొదట చెప్పనన్నాడట, తర్వాత ఒక చిరునామా ఇచ్చాడట. సికింద్రాబాదులో ఒక చిన్న ఇల్లు. అందులో ఒకప్పుడు హోటళ్లలో వాయించిన ముసలి కళాకారుడు. వేళ్లు వంగకుండా అయ్యాక తన ఇష్టంతోనే అమ్మేశాడట. ఎవరూ లాక్కోలేదు, బెదిరించలేదు. అంతా బాగుందని సావుకారి ఊపిరి పీల్చుకుని, సంతకం మాట ఎత్తాడు. ముసలాయన పళ్లు లేని నోటితో పగలబడి నవ్వాడట. మంచి బేరం రావాలని అమ్మే ముందురోజు తానే గీశానన్నాడట.

"మీకు కోపం రాలేదా సార్?"

"వచ్చింది. ఆయప్ప సాయ తెప్పిచ్చినాడు, తాగితి. తాగినంక నాకే నవ్వొచ్చె. పెద్దమ్మ సాక్ష్యంల అప్పుడే సెప్పింది గదా, ఎవురో పిల్లోడు గీకినట్ల ఉందని."

వీధిలోకి కారు రాగానే మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు గానీ ఎవరూ వేళాకోళం చేయలేదు. పెద్దావిడ రాట్నం ముందు ఉంది. సావుకారి చెప్పులు బయట విడిచి లోపలికి పోయి, ఆమెకెదురుగా నేల మీద కూర్చున్నాడు. నేలమీద కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. మోకాళ్లు పట్టుకుని కష్టపడ్డాడు.

"అడిగొచ్చినానమ్మా" అన్నాడు. "ఇది దొంగసొత్తు కాదు. ఎవుర్నీ ఏడ్పిచ్చి తెచ్చింది కాదు. దీంట్ల మోసపోయినోన్ని నేనొక్కన్నే." సికింద్రాబాదు సంగతంతా చెప్పాడు, సంతకంతో సహా. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"ఇంగ ఇది ఈడనే ఉండనీ పెద్దమ్మా."

"వద్దప్పా. నీ వస్తువు నీ ఇంట్లనే ఉండాల" అంది ఆమె వెంటనే. "భజననాడు తీస్కోని రా, మల్లా తీస్కపో." తర్వాత చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. దొంగలను ప్రశ్నించే మాకు కూడా అట్లా చూడటం రాదు.

"ఆయప్ప ఇంటికి నువ్వే పోయినావా? ఎవుర్నన్నా పంపి కనుక్కొన్నావా?"

"నేనే పోయినా."

"మొగం సూసి అడిగినావా?"

"మొగం సూసే అడిగినానమ్మా."

పెద్దావిడ రాట్నం పక్కకు జరిపింది. చాప మీద కాళ్లు సర్దుకుని, రెండు చేతులూ ముందుకు చాపింది.

"అట్లయితే తే" అంది.